చిన్నపిల్లలకు కరోనా పరీక్ష: ముందు ఏం చెప్పాలి, ఒళ్లో ఎలా పట్టుకోవాలి

ముక్కులో పుల్ల పెట్టి, తిప్పి, బయటికి తీయడం కొన్ని సెకన్ల పని. ఆ కొన్ని సెకన్లకే కొందరు పిల్లలు మాస్కు వేసుకున్న మనిషి కనిపిస్తే చాలు నెలల తరబడి ఏడుస్తారు. మరికొందరు గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మి, మళ్లీ ఆటలో పడిపోతారు. ఈ తేడా ఎక్కువగా పిల్లల ధైర్యాన్ని బట్టి రాదని నా నమ్మకం. పుల్ల ముక్కు దగ్గరికి రాకముందు వాళ్లకి ఏం చెప్పాం, పరీక్ష జరిగేటప్పుడు వాళ్లు ఎవరి చేతుల్లో ఉన్నారు అన్నదే చాలావరకు తేలుస్తుంది.

నాకిద్దరు పిల్లలు. మొదటిసారి పరీక్ష చేయించేనాటికి పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నోడు ఇంకా పాకుతున్నాడు. ఆ తర్వాత జ్వరం వచ్చినప్పుడు, బడివాళ్లు అడిగినప్పుడు, ఇంట్లో మాకు వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ చేయించాం. లోతుగా పెట్టే పుల్ల, ముక్కు అంచున తిప్పే పుల్ల, గొంతులోంచి తీసేది, ఇంట్లో చేసుకునే కిట్టు, అన్నీ అయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది కానీ వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో పసిబిడ్డో, పెద్దవాళ్లో, రోగనిరోధక శక్తి తక్కువున్న వాళ్లో ఉంటే పిల్లల జలుబు కరోనానా కాదా అని తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పటికీ వస్తుంది. అందుకే మాకు పనికొచ్చినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఏ పరీక్ష, ఎప్పుడు

రెండు రకాలు. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష వైరస్‌లో ఉండే ప్రొటీన్లను పట్టుకుంటుంది. పుల్ల ముక్కు ముందు భాగంలో తిప్పితే చాలు, చాలా కిట్లలో 15 నిమిషాలకు ఫలితం తెలుస్తుంది. ఆర్‌టీపీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని ల్యాబులో కోట్ల రెట్లు పెంచి చూస్తుంది. కాబట్టి ముక్కులో వైరస్ కొంచెమే ఉన్నా దొరుకుతుంది. ఫలితానికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒంట్లో బాగైపోయాక కూడా కొన్ని వారాలపాటు, ఒక్కోసారి మూడు నెలల వరకూ, ఇది పాజిటివ్ అనే చూపించవచ్చు. అందువల్ల తగ్గిందో లేదో చూద్దామని పిల్లల్ని మళ్లీ ఆర్‌టీపీసీఆర్‌కి తీసుకెళ్లి ప్రయోజనం లేదు. ఊరికే ఇంకో పుల్ల.

జ్వరం, దగ్గు, ముక్కు కారడం మొదలైతే వెంటనే చేయించవచ్చు. కరోనా వచ్చినవాళ్ల దగ్గర తిరిగి, బిడ్డకి ఏ లక్షణమూ లేకపోతే మాత్రం ఐదు రోజులు ఆగడం మేలు. మరుసటి రోజే చేయిస్తే లోపల వైరస్ ఇంకా పెరగక నెగెటివ్ వస్తుంది. దాన్ని నమ్మి బిడ్డని అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టేస్తాం. లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత ఇంకోసారి చేయాలి. లక్షణాలు లేకపోతే అలా 48 గంటల ఎడంతో మూడుసార్లు చేస్తే తప్ప ఆ నెగెటివ్‌ని నమ్మకూడదు.

బయల్దేరే ముందు ఒక ఫోన్

పిల్లల్ని తీసుకుని నేరుగా వెళ్లిపోకండి. ముందు ఫోన్ చేసి అడగండి. మా బిడ్డకి ఇన్నేళ్లు, ఈ వయసు పిల్లలకి మీ దగ్గర చేస్తారా? కొన్నిచోట్ల మరీ చిన్నపిల్లలకి చేయరు. లైనులో నిలబడి గంట గడిచాక ఆ మాట వినాల్సొస్తే, అప్పటికే విసిగిపోయిన బిడ్డని మళ్లీ ఇంకోచోటికి తిప్పాలి. పుల్ల లోతుగా పెడతారా, ముక్కు ముందు భాగం సరిపోతుందా? లాలాజలంతో చేసే వీలుందా? నేను లోపలికి రావచ్చా, నా ఒళ్లోనే కూర్చోబెట్టుకోవచ్చా? రద్దీ ఎప్పుడు తక్కువ?

ఇందులో పుల్ల సంగతి, ఒళ్లో కూర్చోబెట్టుకునే సంగతి ముఖ్యం. ఏ రకం పుల్లో తెలియకుండా బిడ్డకి ఏం చెప్పాలో మనకి తెలియదు.

లాలాజలంతో చేసే చోట, శాంపిల్ ఇచ్చే ముందు ఓ అరగంట ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. నాలుగైదేళ్ల లోపు పిల్లలు అడిగినంత లాలాజలం ఉమ్మడం కష్టం. జర్మనీలో 2021లో చిన్నపిల్లల కోసం వేరే పద్ధతి తెచ్చారు. పుల్లని ముక్కులో పెట్టకుండా, పిల్లలే 30 సెకన్లు నోట్లో పెట్టుకుని చప్పరించాలి. తరగతిలోని పిల్లలందరి పుల్లల్నీ కలిపి ఒకే ఆర్‌టీపీసీఆర్ చేసేవారు, పాజిటివ్ వస్తేనే విడివిడిగా చూసేవారు. మీకు దగ్గర్లో అలాంటి వీలుంటే ముందు దాన్నే అడగండి.

బిడ్డకి ఏం చెప్పాలి

"ఏమీ ఉండదు, నొప్పే ఉండదు" అని మాత్రం అనకండి. మా అత్తయ్య ప్రేమతోనే అదే మాట అనబోతే ఆపాను. ఎందుకంటే ఏదో ఒకటి ఉంటుంది. లోతుగా పెట్టే పుల్లైతే ముక్కు లోపల మండినట్టు, పొడిచినట్టు ఉంటుంది, కళ్లలో గిర్రున నీళ్లు తిరుగుతాయి. ముందు భాగంలో తిప్పేదైతే చక్కిలిగిలి పెట్టినట్టుండి తుమ్మొస్తుంది. ఉండదన్నది ఉంటే, ఆ తర్వాత టీకా దగ్గరా, పళ్ల డాక్టరు దగ్గరా మన మాట చెల్లదు.

నేను మా పెద్దదానికి చెప్పింది ఇది: "అమ్మలూ, నీకు జలుబెందుకు చేసిందో చూడాలి. ఒక ఆవిడ నీ ముక్కులో మెత్తటి పుల్ల పెడతారు. కాస్త చురుక్కుమంటుంది, కళ్లలో నీళ్లొస్తాయి. నేను లెక్కపెడుతుంటాను. పది అనేలోపు తీసేస్తారు. నువ్వు నా ఒళ్లోనే ఉంటావు. ఏడవాలనిపిస్తే ఏడువు, తల మాత్రం కదపకు."

ఏడవచ్చని చెప్పడం నాకు చాలా ముఖ్యం అనిపించింది. ఏడవకుండా ఉండడం వాళ్ల పని కాదు. కదలకుండా ఉండడం ఒక్కటే వాళ్ల పని. అడిగేది ఒక్కటే అయితే పిల్లలు దాన్ని చేసి చూపిస్తారు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా చూసుకోవాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకి వెళ్లే రోజు, బయల్దేరడానికి కాస్త ముందు చెబితే సరిపోతుంది. రెండు రోజుల ముందే చెబితే ఆ రెండు రోజులూ భయమే. ఆరేడేళ్ల పిల్లలకి మాత్రం ముందురోజే చెప్పాలి. వాళ్లకి ప్రశ్నలుంటాయి, వాటికి టైమివ్వాలి. మా మేనల్లుడికి ఆరేళ్లప్పుడు ఆ పుల్ల మెదడుకి తగులుతుందని బళ్లో ఎవరో చెప్పారు. వాడు వారం రోజులు ఎవరికీ చెప్పకుండా లోలోపలే బాధపడ్డాడు. పుల్ల వెళ్లేది పైకి కాదు. అంగిలికి సమాంతరంగా, చెవి వైపు, అడ్డంగా వెళ్తుంది. ముక్కుకీ మెదడుకీ మధ్య ఎముక ఉంది. వేలితో ముక్కు రంధ్రం నుంచి చెవి దాకా గీసి చూపించి, ఇటువైపే వెళ్తుంది, పైకి కాదు అని చెబితే వాడికి అర్థమైంది.

ఇంట్లో ఒకసారి ఆడుకోండి. బొమ్మకి మాస్కు కట్టి, బొమ్మ ముక్కు దగ్గర ఏదైనా మెత్తటిది పెట్టి లెక్కపెట్టాలి. ఆ తర్వాత మన ముక్కుకి పెట్టమని బిడ్డకి ఇవ్వాలి. నిజంగా లోపల పెట్టక్కర్లేదు, అంచున తాకిస్తే చాలు. ఎన్ని సెకన్లో వాళ్ల చెవికి తెలియడమే ఇందులో లాభం. ఒకటి నుంచి పది అంటే ఎంతసేపో తెలిసిన బిడ్డ ఏడు దగ్గర ఏడుస్తూనే ఎనిమిది కోసం చూస్తుంది.

చిన్న చిన్న విషయాల్లో ఎంచుకునే హక్కు వాళ్లకివ్వండి. ఏ రంధ్రం ముందు, కళ్లు మూసుకుంటావా తెరుస్తావా, ఏ బొమ్మ తెచ్చుకుంటావు, లెక్క నేను పెట్టనా నువ్వు పెడతావా. "చేయించుకుందామా?" అని మాత్రం అడగకండి. వద్దంటే ఆపేస్తామా? ఆపలేని చోట అడగడం మోసం చేసినట్టే అవుతుంది.

ఇంకొకటి. "అల్లరి చేస్తే ముక్కులో పుల్ల పెట్టిస్తాను" అనే బెదిరింపు ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

ఎలా పట్టుకోవాలి

చాలామంది ఇక్కడే తడబడతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

వెన్ను ఆనించే వీలున్న గట్టి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చోండి. బిడ్డని మీ ఒళ్లో, ముఖం పరీక్ష చేసేవాళ్ల వైపు ఉండేలా, వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టండి. బిడ్డ కాళ్లు రెండూ మీ తొడల మధ్యకి తెచ్చి మెల్లగా బిగించండి. ఒక చేత్తో బిడ్డ రెండు చేతుల మీదుగా పొట్ట చుట్టూ కౌగిలించుకోండి. రెండో అరచెయ్యి బిడ్డ నుదుటి మీద పెట్టి, తలని మీ ఛాతీకో భుజానికో ఆనించండి. గడ్డం పట్టుకోకండి. గడ్డం పట్టుకుంటే తల పక్కకి తిప్పేస్తారు, నోరు మూసుకుపోయి ఊపిరాడనట్టు అనిపించి ఇంకా గింజుకుంటారు. నుదురు పట్టుకుంటే తల వెనక్కి పోదు, పక్కకి తిరగదు.

ఈ పద్ధతిలో బిడ్డకి వెనకంతా అమ్మో నాన్నో తగులుతూ ఉంటారు. మన గుండె చప్పుడు, చెవి పక్కన లెక్కపెట్టే మన గొంతు తెలుస్తుంటాయి. మేం వెళ్లిన ఒకచోట మా చిన్నోణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ పట్టుకోమన్నారు. ఒళ్లో పట్టుకుంటాను, తల కదలకుండా చూసే బాధ్యత నాది అన్నాను. కాస్త విసుక్కున్నా ఒప్పుకున్నారు, ఒక్కసారికే అయిపోయింది. వెల్లకిలా పడుకోబెడితే పిల్లలకి తామేదో ప్రమాదంలో పడ్డట్టు అనిపిస్తుంది. అడగడానికి మొహమాటపడకండి. గట్టిగా మాట్లాడనక్కర్లేదు. "ఒక్క నిమిషం ఆగండి, ముందు సరిగ్గా పట్టుకుంటాను" అంటే చాలు.

ఇంకోచోట శాంపిల్ తీసే అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, మా పెద్దదాని కళ్లలోకి చూస్తూ "నీ ముక్కులోకి ఏది వెళ్తుందో చూస్తావా?" అని పుల్ల ప్యాకెట్ చేతికిచ్చింది. ప్యాకెట్ విప్పకుండా తిప్పి చూసి, మా అమ్మాయి తిరిగిచ్చేసింది. ఆ పదిహేను సెకన్ల ఓపిక తర్వాత పనంతా నిశ్శబ్దంగా జరిగిపోయింది. అక్కడివాళ్లకి అంత తీరిక లేకపోతే ఆ పని మనమే చేయొచ్చు. ప్యాకెట్ ఒకసారి దూరం నుంచి చూపించమని అడగండి.

పాకే వయసు పిల్లలకి లెక్కలూ మాటలూ అక్కరకు రావు. పల్చటి బట్టలో చేతులు లోపలికి వచ్చేలా చుట్టి, తల మోచేతి వంపులో పెట్టుకుంటే చాలు. గొంతులోంచి తీసేదైతే కడుపునిండా పాలు పట్టిన వెంటనే వెళ్లకండి, పుల్ల తగలగానే కక్కేస్తారు. పరీక్ష అయిపోయిన వెంటనే పాలు పట్టండి. మా చిన్నోడు పాలు నోట్లో పడ్డాక రెండు వెక్కిళ్లతో ఆగిపోయాడు.

మీకు చూడలేనంత బాధగా ఉంటే, మీ చెయ్యి వణుకుతుంటే, నాన్ననో ఇంకొకరినో పట్టుకోమనండి. మా ఇంట్లో మా ఆయన కళ్లు మూసుకునే రకం, కాబట్టి పట్టుకునే పని నాది, బయట రెండోవాణ్ణి ఆడించే పని ఆయనది. ఎవరి పని ఏంటో ఇంటి దగ్గరే మాట్లాడుకోవాలి. బిడ్డ ముందు వాదించుకుంటే అక్కడికక్కడే భయం రెట్టింపవుతుంది.

కారులోంచే శాంపిల్ తీసే చోటైతే, వెనక సీట్లో బెల్టుతో ఉన్న పిల్లల ముక్కు వాళ్లకి సరిగ్గా అందదు. మన వంతు వచ్చాక ఇంజన్ ఆపి, బెల్టు విప్పి, ఒళ్లోకి తీసుకుని, తలుపు తెరిచి కూర్చోవాలి. పని అయ్యాక మళ్లీ బెల్టు పెట్టాకే బండి కదలాలి.

ముక్కులోంచి తరచూ రక్తం కారే పిల్లలైనా, ముక్కుకి ఆపరేషన్ జరిగినా, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బున్నా ముందే చెప్పాలి. పుల్లకి ఏదైనా అడ్డు తగిలితే తోయకుండా ఆపి రెండో రంధ్రంలో ప్రయత్నించాలి. ఆ సంగతి శిక్షణ ఉన్నవాళ్లకి తెలుసు. అయినా తోస్తున్నట్టు అనిపిస్తే ఆపమనండి. తర్వాత రుమాలు మీద ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ముట్టుకుంటేనే తట్టుకోలేని పిల్లలుంటారు. నా స్నేహితురాలి కొడుక్కి ఆటిజం. కొత్తచోటు, పెద్ద లైట్లు, గ్లవ్స్ చప్పుడు, ఇవన్నీ కలిస్తే వాడు తల్లడిల్లిపోతాడు. ఆమె పరీక్షలోని ఒక్కో మెట్టుకీ ఒక్కో బొమ్మ గీసి, వాడికి రోజూ చూపించింది. డాక్టరుతో మాట్లాడి, వాడి గదిలోనే, వాడు రోజూ కూర్చునే చోటే, ముక్కు ముందు భాగంలో తిప్పే కిట్టుతో తనే చేసింది. అలాంటి పిల్లలకి "అందరూ చేయించుకుంటున్నారుగా" అనే మాట ఎందుకూ పనికిరాదు.

ఇంట్లో మనమే చేస్తే

చాలా కిట్లు రెండేళ్లు నిండిన పిల్లలకే. మీ దగ్గరున్నది ఏ వయసుకో, గడువు ఎప్పటిదాకానో ముందు చూడండి. ఎండలో ఉంచిన కిట్టు వాడకండి, ఫ్రిజ్‌లో ఉన్నదైతే బయటపెట్టి చల్లదనం పోయాకే వాడండి. అన్నీ బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని, చేతులు కడుక్కుని, సూచనలు చివరిదాకా చదివి, అప్పుడు బిడ్డని పిలవండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కాగితం చదవడం కుదరని పని.

ముక్కు చీదించండి. పుల్ల చివరి మెత్తటి భాగం లోపలికి వెళ్తే చాలు, పసిపిల్లలకి అంతకన్నా లోతు అక్కర్లేదు. గోడకి తగిలేలా మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పి, అదే పుల్లతో రెండో రంధ్రంలోనూ తిప్పండి. గోడకి తగలకుండా మధ్యలో తిప్పితే బిడ్డకి హాయిగానే ఉంటుంది కానీ శాంపిల్ రాదు. కిట్టులో చెప్పకపోతే ముక్కు పుల్లని గొంతులో పెట్టకండి.

నిద్రపోతున్నప్పుడు చేసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను చేయలేదు, చేయమని చెప్పను కూడా. మధ్యలో మెలకువ వస్తే నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. రాత్రుళ్లు నిద్రపోని బిడ్డతో వేగడం కంటే పది సెకన్ల ఏడుపు నయం.

చెప్పినన్ని చుక్కలే వేసి టైమర్ పెట్టండి. కిట్టు మీద సి (కంట్రోల్) అని రాసిన దగ్గర గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, కొత్త కిట్టుతో మళ్లీ చేయాలి. సి గీతతో పాటు టి (టెస్ట్) దగ్గర ఎంత పల్చటి గీత కనిపించినా అది పాజిటివే. లైటు కింద పెట్టి "ఉందా లేదా" అని నలుగురికి చూపించేంత పల్చగా ఉన్నా సరే. కిట్టులో చెప్పిన సమయం దాటాక కనిపించే గీతని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూడకండి.

కిట్టులోని ద్రవం కంటి చుక్కల సీసాలా ఉంటుంది. కొన్నింటిలో సోడియం అజైడ్ లాంటి రసాయనాలుంటాయి. పిల్లలకి అందకుండా పెట్టాలి. చర్మం మీదో కంట్లోనో పడితే నీళ్లతో బాగా కడగాలి, మింగితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. వాడేసిన పుల్లనీ గొట్టాన్నీ సంచిలో కట్టి పారేసే దాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

ఫలితం వచ్చాక

పాజిటివ్ వస్తే బిడ్డ ఎదుట "అయ్యో" అనకండి. "జలుబెందుకు చేసిందో తెలిసింది, కొన్నాళ్లు ఇంట్లోనే ఉందాం" అంటే వాళ్లకి సరిపోతుంది. తన వల్లే ఇంట్లో అందరికీ వచ్చిందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. అలాంటి మాట పెద్దవాళ్ల నోట కూడా రాకుండా చూసుకోవాలి.

నెగెటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు. ఫ్లూ, ఊపిరితిత్తులకి సోకే ఆర్‌ఎస్‌వీ అనే ఇంకో వైరస్ జబ్బు కూడా ఇలాగే మొదలవుతాయి. కొన్నిచోట్ల ఒకే శాంపిల్‌తో మూడూ చూస్తారు, అడగండి. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూడు నెలల లోపు పసికందుకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, లేదా అంతకు మించి జ్వరం వస్తే వెంటనే తీసుకెళ్లాలి. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలూ నీళ్లూ తాగకపోయినా, ఉచ్చ బాగా తగ్గిపోయినా, లేపినా మగతగానే ఉన్నా అంతే. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువుంటే ఊపిరి వేగంగా ఉన్నట్టే.

పరీక్ష చేసిన తేదీ, లక్షణాలు మొదలైన తేదీ రాసి పెట్టుకోండి, కిట్టుకి ఫోటో తీసి ఉంచండి. చాలా అరుదుగా కొందరు పిల్లల్లో కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత ఒంట్లోని చాలా అవయవాల్లో ఒకేసారి వాపు వస్తుంది. దాన్ని ఎంఐఎస్-సి అంటారు. విడవని జ్వరం, కడుపునొప్పి, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు, కళ్లు ఎర్రబడడం దాని గుర్తులు. అప్పటికి కరోనా సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు. ఆసుపత్రికి వెళ్లగానే ఫలానా తేదీన పాజిటివ్ వచ్చిందని చెబితే డాక్టరు ఆ దారిలో కూడా ఆలోచిస్తారు, గుండెకి సంబంధించిన పరీక్షలు ఆలస్యం చేయకుండా రాస్తారు.